కర అంటిన పంచె

లింబాయత్‌లోని ఆ ఇరుకు వీధిలో మధ్యాహ్నం రెండు గంటల వేళ మరమగ్గాల చప్పుడు తప్ప మరేదీ చెవిన పడదు. పగటి షిఫ్టు వాళ్లు కార్ఖానాలో ఉంటారు. రాత్రి షిఫ్టు వాళ్లు అదే చప్పుడులో నిద్రపోతుంటారు. అలాంటి వేళ, డిగ్రీ రెండో సంవత్సరం కెమిస్ట్రీ చదువుతున్న అమ్మాయి రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా ఒకటి సంచిలో పెట్టుకుని ఇంట్లోకి వచ్చింది. సీసాలో ఉన్నది కూల్‌డ్రింక్ కాదు. కామ్రేజ్ వైపు ఒక అరటి తోటలో గెల కోశాక నరికి పడేసిన బోదెల నుంచి పిండిన నీళ్లు. మూత సరిగా బిగించినట్టు లేదు. గుమ్మం పక్కన కూర్చున్న తాత తెల్ల పంచె మీద నాలుగు చుక్కలు పడ్డాయి.

చూస్తే నీళ్లలాగే ఉన్నాయి. ‘‘ఉతికితే పోతది తియ్ మామా’’ అంది అమ్మాయి తల్లి. డెబ్బై దాటిన ఆ పెద్దాయన పంచె కొస పైకెత్తి చూసి నవ్వారు. ‘‘అరటి కర బిడ్డా. పంచె చినుగుతది గానీ మరక పోదు’’ అన్నారు. సాయంత్రానికి ఆ చుక్కలు లేత గోధుమ రంగుకు తిరిగాయి. మర్నాటికి ముదిరాయి. నాలుగు ఉతుకులయ్యాక కూడా అలాగే ఉన్నాయి.

అమ్మాయికి కావలసింది ఆ మరకే. కాలేజీలో ప్రాజెక్టు చేయాలి. ఎందుకూ పనికిరాదని పారేసే పంటల చెత్త నుంచి పనికొచ్చే పదార్థమేదైనా రాబట్టవచ్చా అన్నది ఆమె ఎంచుకున్న అంశం. కానీ ఆ ప్రాజెక్టు వెనక మరో లెక్క కూడా ఉంది. డిగ్రీ కాగానే టెక్స్‌టైల్ మార్కెట్‌లో ఏదో ఒక దుకాణంలో లెక్కలు రాసే పనికి కుదిర్చేద్దామని తండ్రి ఆలోచన. ఎమ్మెస్సీ చదవాలని ఆమె పట్టుదల. ‘‘ఆ చదువుతోటి ఏం జేస్తవ్?’’ అన్న ప్రశ్నకు ఆమె ఇంట్లో జవాబు చెప్పాలి. సీసా తెచ్చింది అందుకు కూడా.

సూరత్‌లోని లింబాయత్, ఉధ్‌నా ప్రాంతాలు తెలుగువారికి కొత్తవి కావు. వరంగల్, కరీంనగర్, నల్గొండ పల్లెల్లో చేతిమగ్గం కూడు పెట్టలేని రోజులు వచ్చాక పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా ఇక్కడికి తరలివస్తూనే ఉన్నాయి. ఇక్కడి వీధుల్లో తెలుగు బోర్డులు కనిపిస్తాయి, బతుకమ్మలు పేరుస్తారు. సూరత్ నగరపాలక సంస్థ పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఈ పెద్దాయన కూడా అలా వచ్చినవారే. వచ్చిన కొత్తలో పన్నెండు గంటల షిఫ్టులో రెండు మగ్గాలు చూసేవారు. తర్వాత నాలుగు. ఆ తర్వాత ఆరు. చూపు మందగించాక మానేశారు. ఇప్పుడు కొడుకు మగ్గం మీద, కోడలు ఇంట్లో. చీరలకు రాళ్లు అంటించడం, వేలాడే దారాలు కత్తిరించడం కోడలి పని. చీరకు ఇంతని కూలి.

అరటి బోదె సంగతి చూస్తే, ప్రపంచంలో అరటి ఎక్కువగా పండించే దేశం మనదే. అరటి చెట్టు నిజానికి చెట్టు కాదు. ఆకుల తొడిమలే ఒకదాని మీద ఒకటి చుట్టుకుని కాండంలా నిలబడతాయి. అసలు కాండం భూమిలో దుంపగా ఉంటుంది. ఒక బోదె ఒక్కసారే గెల వేస్తుంది. గెల కోయగానే దాన్ని నరికేయాలి, లేదంటే పక్కనున్న పిలక ఎదగదు. అలా హెక్టారుకు 60 నుంచి 80 టన్నుల బోదెలు పోగుపడతాయి. వాటిని తోటలోంచి తీసి గట్టున పడేయడానికి రైతు కూలి ఇచ్చుకోవాలి. అంటే ఆ చెత్త రైతుకు ఆదాయం కాదు సరికదా, ఖర్చు.

సూరత్‌కు దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ ఖర్చును ఆదాయంగా మార్చే పని మీద చాలాకాలం కూర్చుంది. ప్రపంచ బ్యాంకు రుణంతో 2006 నుంచి 2014 వరకు నడిచిన జాతీయ వ్యవసాయ నవకల్పనల పథకం కింద ఈ పని జరిగింది. సూరత్‌లోని కృత్రిమ నూలు వస్త్రాల పరిశోధన సంస్థ ‘మంత్ర’, ముంబయిలోని పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ ‘సిర్కాట్’ అందులో భాగస్వాములు. బోదె పట్టల నుంచి పీచు తీసి బట్టకు, కాగితానికి వాడటం మొదటి మెట్టు. పీచు తీశాక మిగిలే పిప్పితో కంపోస్టు. మధ్యలో ఉండే దూటతో క్యాండీ. గోదావరి జిల్లాల్లో కూర వండుకునేది ఆ దూటే. ఇక పట్టలు పిండగా వచ్చే నీళ్లు ద్రవరూప సేంద్రియ ఎరువుగా మారాయి. ఆ నీళ్లలో మొక్కకు కావలసిన పొటాషియం దండిగా ఉంటుంది.

బట్టలు నేసే ఊరికి ఆసక్తి కలిగించేది మాత్రం ఆ నీళ్లకున్న రెండో గుణం. బోదె నీళ్లలో టానిన్ల వంటి వగరు పదార్థాలుంటాయి. కోసిన చోట గాలి తగలగానే మొక్కలోని ఎంజైము ఒకటి వాటిని గోధుమ రంగు పదార్థాలుగా మారుస్తుంది. అవి నూలు పోగును గట్టిగా పట్టుకుంటాయి. అదే మన ‘కర’. రంగు వేసేవారికి ఇది వరం లాంటిది. ఎందుకంటే ఉల్లిపొట్టు, దానిమ్మ తొక్క, బంతిపూల వంటివాటి నుంచి వచ్చే రంగులు చాలావరకు నూలును తమంతట తాము పట్టుకోలేవు. మధ్యలో పటిక గానీ, కరక్కాయ గానీ ఉండి రెండింటినీ కలపాలి. ఆ మధ్యవర్తి పని అరటి కర చేయగలదని పరిశోధనలు చెప్పాయి. మరో అడుగు ముందుకేసి, బోదె నీళ్లు పట్టించిన నూలు బట్ట తొందరగా అంటుకోదని సిర్కాట్ శాస్త్రవేత్తలు చూపించారు. ఇల్లాలు తిట్టుకునే మరకే ప్రయోగశాలలో సుగుణమైంది.

మనవరాలు ఇవన్నీ చెబుతుంటే పెద్దాయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. ‘‘గిది కొత్తేం గాదు. మేం ఆముదపు పొట్టు కాల్చెటోళ్లం’’ అన్నారు.

ఆయన పుట్టింది నల్గొండ జిల్లాలో, పుట్టపాకకు దగ్గరి ఊళ్లో. చిన్నతనంలో తేలియా రుమాలు నేసే ఇంట్లో పనికి వెళ్లేవారు. చీరాలలోనూ పుట్టపాకలోనూ పేరు పొందిన ఈ రుమాళ్లు ఒకప్పుడు అరబ్ దేశాలకు ఎగుమతయ్యేవి. గింజ తీసేశాక మిగిలిన ఆముదపు కాయల పొట్టును కాల్చి, ఆ బూడిదను నీళ్లలో నానబెట్టి, పైకి తేరిన నీటిని నూనెతో కలిపి నూలుకు పట్టిస్తారు. పిసకడం, ఎండబెట్టడం, మళ్లీ పిసకడం. ఇలా రెండు మూడు వారాలు. అప్పుడు గానీ ఎరుపు, నలుపు రంగులు నూలులోకి లోతుగా దిగవు. నూనె వాసన పోదు కాబట్టే దానికి ‘తేలియా’ అన్న పేరు. ఆ బూడిద నీళ్లలో ఉన్నది క్షారమని మనవరాలు వివరించింది. పెద్దాయనకు ఆ మాట తెలియదు. వేలు ముంచి, వేళ్లు జారుతున్నాయా లేదా చూసి నీళ్ల పదును చెప్పడం మాత్రం తెలుసు.

అంటే చెత్త నుంచి పదార్థం రాబట్టడం తెలంగాణ నేతగాళ్లకు ఎవరూ నేర్పాల్సిన విద్య కాదు. పొలంలో మిగిలిన పొట్టు నుంచి వారు క్షారం తీశారు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ ఊరి గజం గోవర్ధనకు ఆ కళ మీద చేసిన కృషికి 2011లో పద్మశ్రీ వచ్చింది. కానీ ఆ విద్య చేతుల్లో ఉన్నవారు ఎందరో అప్పటికే సూరత్ రైలెక్కి పాలిస్టర్ చీరల మగ్గాల ముందు నిలబడ్డారు. పాలిస్టర్‌కు బూడిద నీళ్లు అక్కర్లేదు. నూలుకు పట్టే ఈ రంగులూ సరిగా పట్టవు. దాని రంగులు వేరు, వాటిని 130 డిగ్రీల వేడిలో ఒత్తిడి మీద ఎక్కించాలి. లింబాయత్‌లో పెద్దాయన విద్యకు పని లేకపోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

ఆ ఇంట్లో ప్రయోగం మొదలైంది. సర్దార్ మార్కెట్ నుంచి ఉల్లిపొట్టు ఉచితంగానే దొరికింది. ఉల్లిగడ్డలో క్వెర్సెటిన్ అనే పసుపు పదార్థం ఎక్కువగా ఉండేది మనం తినే భాగంలో కాదు, వలిచి పారేసే ఎండు పొరల్లోనే. తెల్ల నూలు గుడ్డను జానెడు ముక్కలుగా కత్తిరించారు. ఒకదానికి ఉత్త ఉల్లిపొట్టు నీళ్లు. ఒకదానికి పటిక, ఉల్లిపొట్టు. ఒకదానికి అరటి కర, ఉల్లిపొట్టు. ఒకదానికి ఉత్త అరటి కర. పనిలో పనిగా తల్లి తన దగ్గరున్న పాలిస్టర్ చీర ముక్క ఒకటి కూడా గిన్నెలో వేసింది. అది లేత మురికి రంగుతో బయటికొచ్చి, మొదటి ఉతుకులోనే మళ్లీ తెల్లబడింది. ‘‘మన సూరత్ బట్టకు నీ మందు పట్టలే’’ అని ఆమె తేల్చేసింది.

కానీ ఉతుకుల లెక్క ఆమే తీసుకుంది. రంగు నిలిచిందో లేదో చెప్పాల్సింది ప్రయోగశాల కాదు, బట్టలుతికే మనిషి అన్నది ఆమె వాదన. రోజూ ఇంటి బట్టలతో పాటు, అదే సబ్బుతో, అదే బండ మీద ముక్కలను కూడా ఉతికింది. గోడకున్న తెలుగు క్యాలెండర్ మీద ఉతుక్కో గీత పెట్టింది. ఇరవై గీతలయ్యే వరకు.

మధ్యలో ఒక ఎదురుదెబ్బ తగిలింది. మొదటిసారి తెచ్చిన సీసాలో సగం మిగిలితే అమ్మాయి దాన్ని మంచం కింద దాచింది. నాలుగో రోజు మూత తీస్తే ఇల్లంతా కుళ్లు కంపు. ఆ నీళ్లలో ముంచిన గుడ్డకు మచ్చలు మచ్చలుగా రంగు పట్టింది. మళ్లీ కామ్రేజ్ వెళ్లాల్సి వచ్చింది. ఈసారి తాత ఒక షరతు పెట్టారు. ‘‘పిండిన్నాడే ముంచాలె. నిల్వ జేస్తే అది మందు గాదు, మురుగు.’’

ఈ రంగంలో పెద్ద పెద్ద సంస్థలు డబ్బు పోసి నేర్చుకున్న పాఠం కూడా ఇదే. తవుడునే చూడండి. ధాన్యం బరువులో 5 నుంచి 8 శాతం తవుడు. అందులో 15 నుంచి 20 శాతం నూనె. ఆ నూనెలో ఉండే ఒరిజనాల్ అనే పదార్థాన్ని జపాన్ శాస్త్రవేత్తలు 1954లో తొలిసారి వేరుచేశారు. ఇప్పుడు దాన్ని మందుల్లో, సౌందర్య సాధనాల్లో వాడుతున్నారు. కానీ బియ్యం మరలో తవుడు రాలిన క్షణం నుంచే అందులోని ఎంజైము నూనెను విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. కొన్ని గంటల్లో వేడి చేసి ఆ ఎంజైమును ఆపితే అది వంటనూనె. ఆలస్యమైతే సబ్బుకో, పశువుల దాణాకో తప్ప పనికిరాదు. తవుడు నూనెను ఎంజైములతోనే శుద్ధి చేసే పద్ధతిని హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) రూపొందించింది. ఏ పద్ధతి అయినా తవుడు సకాలంలో మర దాటి రావాల్సిందే.

పొగాకుదీ ఇలాంటి కథే. రాజమండ్రిలో 1947లో ఏర్పాటైన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ, పొగాకు ఆకు నుంచి సోలనెసాల్ తీయడం మీద ఏళ్ల తరబడి పని చేసింది. గుండె జబ్బుల వారు వాడే కోఎంజైమ్ క్యూ10 తయారీకి అది ముడిసరుకు. పొగాకు చెత్త నుంచి తీసిన నికోటిన్ ఒకప్పుడు పురుగుమందు. పలాసలో జీడిగింజ కొట్టి పారేసే పెంకులో చేతులు కాల్చే నూనె ఉంటుంది. అది రంగుల్లోకి, వాహనాల బ్రేకుల్లోకి వెళ్తోంది. అమెరికాలో క్వేకర్ ఓట్స్ కంపెనీ తన మరల దగ్గర గుట్టలుగా పేరుకున్న ఓట్స్ పొట్టు నుంచి 1922 ప్రాంతంలోనే ఫర్‌ఫ్యూరాల్ అనే రసాయనాన్ని తీసి అమ్మడం మొదలుపెట్టింది. ఆ పొట్టు మర దగ్గరే ఉంది కాబట్టి అది సాధ్యమైంది. ఊరూరా తిరిగి పోగుచేయాల్సి వచ్చి ఉంటే ఆ కంపెనీ దాని జోలికి వెళ్లేది కాదేమో. ఇప్పుడు ఆ రసాయనాన్ని మొక్కజొన్న కండెల నుంచి, చెరకు పిప్పి నుంచి కూడా తీస్తున్నారు. బార్డోలీ వంటి పెద్ద సహకార చక్కెర ఫ్యాక్టరీలున్న సూరత్ చుట్టుపక్కల పిప్పికి కొదవ లేదు.

చెత్తలో ఏముందన్నది ఇప్పుడు పెద్ద ప్రశ్న కాదు. చాలావరకు తెలిసిపోయింది. అది చెడిపోయేలోగా దాని దగ్గర ఎవరుంటారన్నదే ప్రశ్న. అరటి బోదెలో తొంభై శాతం పైగా నీళ్లే. వంద కిలోమీటర్లు లారీలో తెస్తే మోసేది నీళ్లనే. అందుకే పీచు తీసే యంత్రం తోట దగ్గర ఉండాలి. నీళ్లు ఆ రోజే వడకట్టాలి. అంటే ఈ పని పల్లెలో జరగాలి, పల్లె మనుషులే చేయాలి. అక్కడే దాని విలువ కూడా మిగలాలి. అలా కాక, రైతు దగ్గర బోదె ఉచితంగా తీసుకుని, దూరంగా ఎక్కడో తీసిన పదార్థాన్ని గ్రాముల్లో అమ్మితే, రైతుకు దక్కేది గట్టు ఖాళీ కావడం ఒక్కటే.

ఇంకో భ్రమ కూడా వదులుకోవాలి. మొక్క నుంచి వచ్చిందంటే అంతా శుభ్రమేనని కాదు. తవుడులోంచి నూనె తీయడానికి మామూలుగా వాడేది పెట్రోలియం నుంచి వచ్చే హెక్సేన్. ప్రకృతి రంగులకు మెరుపు రావాలని రాగి, క్రోమియం లవణాలు వాడితే ఆ నీళ్లూ విషమే. తాగే నీళ్లకు బిందెలు వరస పెట్టే వీధిలో ఈ మాటకు విలువ ఎక్కువ. జానెడు గుడ్డ ముక్కకు రంగు వేసి కడగడానికి ఎన్ని చెంబుల నీళ్లు పోయాయో తల్లి లెక్కపెట్టింది. ఆరు మీటర్ల చీరకు ఎన్ని బిందెలవుతాయో మనవరాలిని లెక్కకట్టమంది. గ్యాస్, పటిక, నూలు గుడ్డ ధర కూడా పక్కన రాయించింది. చెత్త ఉచితమే. మిగతాదేదీ ఉచితం కాదు. ప్రాజెక్టు నివేదికలో ఆ పేజీని చేర్చమని కాలేజీ మేడమ్ ప్రత్యేకంగా చెప్పారట.

ఇరవయ్యో గీత పడిన రోజు ముక్కలన్నీ నులక మంచం మీద వరసగా పరిచారు. ఉత్త ఉల్లిపొట్టుది దాదాపు తెల్లబడింది. పటిక వేసింది బంగారు రంగు నుంచి లేత పసుపుకు దిగింది. అరటి కరతో కలిసింది పసుపు కాదు, ఇటుక పొడి లాంటి గోధుమ రంగు. ఉత్త కరది ఖాకీ. ఈ చివరి రెండూ మొదటి రోజు ఎలా ఉన్నాయో ఇంచుమించు అలాగే ఉన్నాయి. పెద్దాయన ఒక్కో ముక్కా తీసి, వెలుతురుకు పట్టి చూసి, రెండు కొసలు లాగి గట్టిదనం చూసి తీర్పు చెప్పారు. ‘‘రంగు మంచిగ లేదు. గని నిలబడ్డది.’’

అమ్మాయి తండ్రి షిఫ్టు దిగి వచ్చి అన్నం తింటూ అన్నీ విన్నారు. ‘‘ఇరవై ఉతుకులకు పోని రంగు మంచిదే. ఎవరు కొంటరు?’’ అన్నారు. ఆ ప్రశ్నకు ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. నూలు మీద, పట్టు మీద ప్రకృతి రంగులు కోరి కొనేవారు ఉన్నారు. కానీ వారు పోచంపల్లి వైపు చూస్తారు, లింబాయత్ వైపు కాదు. ఇక్కడి నుంచి వెళ్లాల్సింది రంగు కాదేమోనని మనవరాలు అంది. కామ్రేజ్ తోటలో బోదె కుళ్లే లోపు ఏం చేయాలో నేర్చుకుంటే, అదే పని నల్గొండలో ఆముదపు పొట్టుకు, మిర్యాలగూడలో తవుడుకు, ఏ ఊరి చెత్తకు ఆ ఊళ్లో చేయవచ్చు కదా అన్నది ఆమె మాట. పని లేక ఊరొదిలి వచ్చిన ఇంట్లో ఆ మాటకు ఎవరూ నవ్వలేదు.

ఎమ్మెస్సీ సంగతి ఆ రాత్రి తేలలేదు. దుకాణం వాళ్లకు ఏడాది ఆగమని చెబుతానని మాత్రం తండ్రి అన్నారు. అది ఒప్పుకోవడమో, వాయిదా వేయడమో ఇంట్లో ఇంకా ఎవరికీ అర్థం కాలేదు. తల్లి క్యాలెండర్ మీద గీతలు ఆపలేదు. ముప్పై దాటించి చూస్తానంటోంది.

పెద్దాయన మాత్రం ఆ కర అంటిన పంచెనే కట్టుకుని గుమ్మంలో కూర్చుంటున్నారు. పండగకు కొత్త పంచె తెస్తామంటే వద్దన్నారు. వీధిలో ఎవరైనా మరకేమిటని అడిగితే చెప్పడానికి ఆయన దగ్గరిప్పుడు ఓ కథ ఉంది. అది కామ్రేజ్ అరటి తోటలో మొదలై, పుట్టపాక బూడిద కుండ దగ్గర ఆగుతుంది.